వియ్యంకుల చక్రాలు

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. ఆ లెక్కన మన టైలరుగారికి దొరికిన వియ్యంకుడు అచ్చమైన సమవుజ్జీ. ఈయన జీవితమంతా జనం నడుముల కొలతలు తీశారు, ఆయన జీవితమంతా జనం పళ్ళు పీకారు. ఇద్దరికీ కళ్ళజోళ్ళు, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఆ పిచ్చి పేరు ఆవిరి ఇంజను. నిజం ఇంజను కాదు లెండి, బల్ల మీద పట్టేంత బొమ్మ ఇంజను. బొమ్మ అన్నామంటే మాత్రం ఇద్దరికీ కోపం. బొగ్గు వేస్తే మండుతుంది, నీళ్ళు పోస్తే మరుగుతాయి, వెనకాల బండి మీద మనిషిని కూర్చోబెడితే లాక్కుపోతుంది, ఇంకా బొమ్మేమిటి అంటారు. సరే, పెద్దవాళ్ళతో మనకెందుకు, ఇంజనే అందాం.

సమవుజ్జీ దొరికాడు గానీ కయ్యమే లేదు. వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. డాక్టరుగారు పిల్ల తండ్రి, టైలరుగారు పిల్లాడి తండ్రి. పెళ్ళి చేసుకున్న పిల్లలిద్దరూ వాళ్ళ ఇంట్లో ఫ్యాను వెయ్యాలా వద్దా అని రోజూ పోట్లాడుకుంటూ హాయిగా కాపురం చేసుకుంటున్నారు. వాళ్ళకు లేని మర్యాదలన్నీ తండ్రులిద్దరికీ పట్టుకున్నాయి. ఒకరినొకరు బావగారూ అనకుండా ఒక్క మాట ముందుకు కదలదు. ఒకరు తుమ్మితే రెండోవారు క్షమించమంటారు.

ఇంజను తయారయ్యేది డాక్టరుగారి పెరట్లో ఉన్న షెడ్డులో. రేకుల కప్పు, ఒక కిటికీ, కిటికీ కింద చేత్తో చక్రం తిప్పుతూ నడిపే చిన్న లేతు మిషను. ఓ మూల పాత పళ్ళ కుర్చీ ఉంది. క్లినిక్కు మూసేసిన రోజున డాక్టరుగారు దాన్ని వదల్లేక ఇంటికి మోయించుకొచ్చారు. టైలరుగారు షెడ్డులో అడుగు పెట్టగానే డాక్టరుగారు ఆ కుర్చీ దుమ్ము దులిపి, కూర్చోబెట్టి, కాలితో పెడలు తొక్కి పైకి లేపుతారు. పిల్లాడి తండ్రి కదా, కిందెక్కడో ఉండకూడదు. వెనక్కి వాలితే నెత్తి మీద పెద్ద దీపం కనిపిస్తుంది. దాన్ని చూడగానే టైలరుగారికి తెలియకుండానే నోరు తెరుచుకుంటుంది.

ఆయనకు ఆ కుర్చీ అంటే ఒళ్ళుమంట. బట్టల దుకాణాల్లో అన్నీ కుట్టినవే దొరుకుతున్నాయని గిరాకీ పడిపోయి ఆయన షాపు మూతపడింది. అప్పట్నుంచి ఇంట్లో ఆయన చేతులకు పని లేదు. భార్య ఎటు తిరిగితే అటు అడ్డంగా నిలబడేవారు. "కాస్త అవతలికి వెళ్ళి కూర్చోండి, దోవలో స్తంభంలా ఏమిటది" అని ఆవిడ, "ఎటు వెళ్ళమంటావు" అని ఈయన. వెళ్ళడానికి ఉన్నది ఆ షెడ్డు ఒక్కటే. అక్కడ ఇనుము వాసన, నూనె వాసన, చేతినిండా పని. తీరా వెళ్తే ఆ పని చెయ్యనిస్తే కదా, కుర్చీ ఎక్కించి బిస్కెట్లు పెడతారు.

అంతకన్నా బాధ ఇంకొకటి. ఏం చేసినా "బ్రహ్మాండం బావగారూ" అంటారు డాక్టరుగారు. ఒక బోల్టు వంకరగా బిగించినా బ్రహ్మాండమే. టైలరుగారు పనివాళ్ళ మధ్య పెరిగిన మనిషి. ఎవణ్ణయితే మనతో ఉంచుకోవాలనుకుంటామో వాణ్ణి తిడతాం, ఎవణ్ణయితే పంపించెయ్యాలనుకుంటామో వాణ్ణి బాగుందని నవ్వి పంపిస్తాం. ఇది ఆయనకు తెలియని సంగతా? ఈ ఇంజను అయ్యాక డాక్టరుగారు ఇంకో పెద్ద ఇంజను మొదలుపెడతారట. దాని బొమ్మ కాయితాలు బీరువాలో చుట్టి ఉన్నాయి. దాని గురించి చెప్పినప్పుడల్లా "నేను చేద్దామనుకుంటున్నాను" అంటారే తప్ప పొరపాటున కూడా "మనం" అనరు. ఈ ఇంజనులో తన చెయ్యి మంచిదనిపించుకుంటే అందులో చోటు దొరుకుతుంది, లేదంటే మళ్ళీ ఇంట్లో స్తంభంలా నిలబడాల్సిందే. టైలరుగారికి ఇది చావుబతుకుల సమస్య. నవ్వకండి, పని అలవాటైన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే తెలుస్తుంది.

అలాంటి సమయంలో చక్రాలు వచ్చాయి. పోత పోసిన ఇనుప చక్రాలు, ఒంటినిండా ఇసుక గరుకుతో, ఒక్కొక్కటి పిడికెడంత. వాటిని లేతుకు బిగించి, వెనక వైపు చదును చేసి, నడిమధ్యన ఇరుసు పట్టే బెజ్జం వేసి, చివరికి పట్టా మీద దొర్లే అంచును నున్నగా చెక్కాలి. ఆ అంచు పక్కనే పట్టాల లోపలికి దిగి చక్రాన్ని పడిపోకుండా కాసే గట్టు ఒకటి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, చక్రాలన్నీ ఒకే కొలతకు రావాలి. అందుకని ఈ పని తెలిసినవాళ్ళెవరైనా ఒకే మనిషి, ఒకే ఊపులో, ఒకే అమరిక మీద అన్నిటినీ చెక్కేస్తారు.

మనవాళ్ళు అలా చేస్తారా?

"చక్రాలు మీరు చెయ్యండి బావగారూ" అన్నారు డాక్టరుగారు.

"అబ్బే, మీ లేతు, మీ చెయ్యి. మీరే కానివ్వండి బావగారూ."

"మీ చేతి నాణ్యం నాకెక్కడిది బావగారూ."

టీ చల్లారిపోయింది. చల్లారిన టీ తాగడం మర్యాద కాదని ఇంకో టీ వచ్చింది, అదీ చల్లారింది. చివరికి పొలం పంచుకున్నట్టు పంచుకున్నారు. ఎడమ చక్రాలు టైలరుగారివి, కుడి చక్రాలు డాక్టరుగారివి. అంటే ఒకే ఇరుసుకు ఈ చివర ఈయన చక్రం, ఆ చివర ఆయన చక్రం. ఇంజను పుట్టినప్పట్నుంచీ లోకంలో ఇలాంటి పంపకం ఎవరూ చేసి ఉండరు. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది గానీ, అది నలుగురిలో చెప్పేది కాదు.

ఇక చేతి అలవాట్లు చూడండి. టైలరుకు గుడ్డ ఎప్పుడూ కొంచెం వదిలి కత్తిరించడం అలవాటు. లోపల మిగులు ఉంటే రేపు మనిషి లావైనా విప్పుకోవచ్చు. పళ్ళ డాక్టరుకు పుచ్చు ఉన్నంత మేరా తీసి, పైన ఇంకొంచెం తియ్యడం అలవాటు. రేపు మళ్ళీ నొప్పి రాకూడదు. ఈయన చక్రాలు వెంట్రుకవాసి పెద్దవిగా వచ్చాయి, ఆయనవి వెంట్రుకవాసి చిన్నవిగా వచ్చాయి. డాక్టరుగారు టైలరుగారి చక్రాలను వెర్నియరు స్కేలుతో కొలిచి, ఒక్క క్షణం ఆగి, "బ్రహ్మాండం బావగారూ" అన్నారు. ఎడమవి ఒక బిస్కెట్ల డబ్బాలో, కుడివి ఇంకో డబ్బాలో పెట్టారు.

ఆ ఒక్క క్షణం ఆగడం టైలరుగారికి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు భోజనం కాగానే, డాక్టరుగారు కునుకు తీసే వేళ చూసుకుని వెళ్ళారు. వాకిట్లో డాక్టరుగారి భార్య బట్టలు ఆరేస్తోంది.

"చెల్లెమ్మా, షెడ్డు తాళం ఒకసారి ఇస్తావా? చిన్న పని ఉంది. బావగారికి చెప్పకమ్మా."

"నాకెందుకు అన్నయ్యగారూ, నేను చెప్పను" అని ఆవిడ తాళం ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది గానీ టైలరుగారు చూడలేదు.

లోపల ఆయన డాక్టరుగారి చక్రానికి వెర్నియరు బిగించి, అలాగే తీసి తన చక్రానికి పెట్టి చూశారు. పట్టలేదు. "చూశావా, పెద్దదని తెలిసి కూడా బ్రహ్మాండమన్నాడు. అంటే నన్ను సాగనంపే ఆలోచనే" అని గుండె జారిపోయింది. చక్రం లేతుకు బిగించి, ఊపిరి బిగబట్టి, అంచు మీద సన్నగా చెక్కారు. మొదటిది సరిపోయింది. రెండోది సరిపోయింది. మూడోదాని దగ్గర వీధిలో కుక్క మొరిగింది, చెయ్యి అదిరింది, ఓ నలుసు ఎక్కువ పోయింది. దానికి సరిపడా మిగతా రెండూ మళ్ళీ చెక్కాల్సి వచ్చింది. రాలిన ఇనుప రజనంతా ఊడ్చి, లేతు తుడిచి, దొంగలా బయటపడ్డారు. అంకె మాత్రం ఎక్కడా చదవలేదు. ఇందులో చదవడానికేముంది, ఆయనదాన్ని బట్టి మనది.

ఒక రోజాగి అనుమానం తీరక మళ్ళీ చూసుకున్నారు. ఈసారి కూడా తన చక్రాలే పెద్దవి. "మొన్న కళ్ళజోడు సరిగ్గా తుడుచుకోలేదేమో" అనుకుని ఇంకో నలుసు చెక్కారు. తర్వాత చూస్తే మళ్ళీ పెద్దవి. "ఇనుము ఎండకు ఉబ్బుతుందంటారు, అదేనేమో" అనుకున్నారు. ఊడ్చి వెళ్ళిన పళ్ళెంలో తాజా రజను కనిపిస్తే, తన ఊడ్పే సరిగా లేదనుకున్నారు. ఒక మధ్యాహ్నం లేతు మీద చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగా తగిలింది. రేకుల షెడ్డు కదా, వెచ్చగానే ఉంటుందనుకున్నారు.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆయనకు కాలేదు. మనసులో తప్పు ఉన్న మనిషికి ఎదుటివాడి తప్పు ఎక్కడ కనబడుతుంది?

గోడకు మేకుతో కొట్టిన బొమ్మ కాయితం ఉంది. చక్రం ఎంత ఉండాలో అందులో పెద్ద అంకెల్లో రాసి ఉంది. ఇద్దరికీ అది కంఠతా వచ్చు కాబట్టి ఇద్దరూ దాని మొహం చూడలేదు.

ఇరుసులకు చక్రాలు దిగ్గొట్టే రోజు వచ్చింది. ఆ రోజు అన్నీ సరిగ్గా సరిపోయాయి, ఎడమదీ కుడిదీ కవలపిల్లల్లా ఉన్నాయి. డాక్టరుగారు "బ్రహ్మాండం" అన్నారు, టైలరుగారు "అంతా మీ చలవ" అన్నారు. తర్వాత ఇంజనును షెడ్డులోని పట్టాల ముక్క మీద నిలబెట్టారు. అది నిలబడినట్టు లేదు, కూర్చున్నట్టుంది. పొయ్యి కింద ఉండే బూడిద పళ్ళెం పట్టాలకు ముద్దు పెడుతోంది. ఇది నా పాపమేనని టైలరుగారికి తెలిసిపోయింది. ఇది నా పాపమేనని డాక్టరుగారి మొహం మీద కూడా రాసి ఉంది గానీ, అటు చూసే ధైర్యం ఈయనకు లేదు. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ పొగగొట్టం తుడుస్తూ కూర్చున్నారు.

ఆదివారం వచ్చింది. పార్కులో ఇంజన్ల క్లబ్బువాళ్ళు నడుం ఎత్తు దిమ్మల మీద పట్టాలు వేశారు, పెద్ద గుండ్రం. కొత్త ఇంజను ఏది వచ్చినా సెక్రటరీని వెనక బండి మీద కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిరగాలి, అదీ అక్కడి నియమం. ఆ సెక్రటరీ మెడలో విజిలు వేసుకునే భారీ మనిషి. ఆయన్ని లాగిందంటే అది ఇంజనే. డాక్టరుగారి భార్య వచ్చి గొడుగు వేసుకుని బల్ల మీద కూర్చుంది.

"రెగ్యులేటరు మీరు తిప్పండి బావగారూ."

"మీరు తిప్పండి బావగారూ."

"ఎవరో ఒకరు తిప్పండి, నా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి" అన్నాడు సెక్రటరీ వెనక నుంచి.

ఇద్దరూ కలిసి ఆవిరి వదిలే ఆ పిడిని తిప్పారు. ఇంజను కదిలింది. చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి, వాటిని కలిపే కడ్డీలు కంటికి ఆనడం లేదు, ఆవిరి బుసబుసా పోతోంది, ఇంజను మాత్రం నత్తలా పాకుతోంది. పక్కన వాకింగు చేస్తున్న ముసలాయన దాన్ని దాటి వెళ్ళిపోయాడు. అంచు చెక్కి చెక్కి పల్చబడింది గానీ పక్కన గట్టు చెక్కలేదు కదా, అది చేటంత మిగిలిపోయి, పట్టాలను దిమ్మలకు బిగించిన ప్రతి బోల్టునూ తన్నుకుంటూ పోతోంది. టకటకటకమని సెక్రటరీ దవడలు కొట్టుకుంటున్నాయి. ఆయన విజిలు ఊదబోతే అది కూడా వణికింది. మలుపు దగ్గర రెండు పట్టాలు కలిసే చోట బూడిద పళ్ళెం తగులుకుంది. ఇంజను మొండికేసి ఆగిపోయింది, పళ్ళెం ఊడింది, నిప్పులన్నీ కింద గడ్డిలో పడ్డాయి. క్లబ్బువాళ్ళు బకెట్టుతో పరిగెత్తుకొచ్చి నీళ్ళు కొట్టారు. సగం గడ్డి మీద పడ్డాయి, సగం సెక్రటరీ మీద పడ్డాయి.

సెక్రటరీ తడిబట్టలతోనే దిగి వంగి చూశాడు. జేబులోంచి కొలత తీసి ఒక చక్రానికి పెట్టాడు. కళ్ళు చిట్లించి ఇంకో చక్రానికి పెట్టాడు.

"అన్నీ సమానంగానే ఉన్నాయి. కానీ ఈ ఇంజనుకు ఈ చక్రాలేమిటి? ఇవి ఇందులో సగం ఇంజనుకు వెయ్యాల్సినవి. ఎవరు చేశారు?"

టైలరుగారు ముందుకొచ్చారు. ఇంక దాచి లాభం లేదు.

"తప్పు నాదేనండి. బావగారికేం సంబంధం లేదు."

"అబ్బెబ్బే, తప్పంతా నాది. బావగారి చక్రాలు బ్రహ్మాండం."

"కాదండీ, నాది. నేనే చెక్కేశాను."

"మీరు చెక్కలేదు, నేను చెక్కాను. మీరు పెద్ద మనసుతో మీ మీద వేసుకుంటున్నారు."

సెక్రటరీ అటోసారి ఇటోసారి చూశాడు. నీళ్ళు కారుతున్నాయి ఆయన మీసాల్లోంచి.

అప్పుడు బల్ల మీద నుంచి గొడుగు మూసిన చప్పుడు వినిపించింది. "ఇద్దరూ కాస్త ఆపండి" అంది డాక్టరుగారి భార్య. "చెప్పకమ్మా అని మధ్యాహ్నం అన్నయ్యగారు తాళం అడిగారు. చెప్పకే అని పొద్దున ఈయన అడిగారు. ఈయన చెక్కి చిన్నవి చేస్తే అన్నయ్యగారు వచ్చి ఇంకా చిన్నవి చేస్తారు. అది చూసి మర్నాడు ఈయన ఇంకా చిన్నవి చేస్తారు. నేను ఇద్దరికీ మాటిచ్చాను, ఇద్దరికీ నిలబెట్టుకున్నాను. ఇంకొక్క వారం ఆగి ఉంటే గుండీలు మిగిలేవి, చొక్కాకు కుట్టుకునేవారు."

టైలరుగారికి చెవులు వేడెక్కాయి. డాక్టరుగారి మొహం ముందు తెల్లగా, తర్వాత ఎర్రగా అయింది. ఆ మొహాన్ని అంత ఎర్రగా టైలరుగారు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు కూడా బ్రహ్మాండమంటాడు, దాంతో నా కథ ముగుస్తుంది అనుకుని తల దించుకున్నారు.

"నీకు బుద్ధుందా అసలు?" అన్నారు డాక్టరుగారు.

టైలరుగారు తలెత్తారు.

"నా చక్రం చిన్నదిగా ఉంటే, చిన్నదిగా ఏడ్చిందని నా మొహాన కొట్టలేవూ? నోట్లో ఏం పెట్టుకున్నావు? బంగారం లాంటి చక్రాలు, కుదురుగా చేశావని మురిసిపోయాను. పొద్దున కొలిస్తే నావే పెద్దవిగా తేలి, నా చెయ్యే జారిందని నావి దిద్దుకుంటే, దొంగచాటుగా వచ్చి నీవి పాడు చేసుకుంటావా? వెధవా. పచ్చి వెధవా."

పార్కులో కాకులు కూడా ఊరుకున్నాయి. డాక్టరుగారి భార్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది, పిల్లాడి తండ్రిని పట్టుకుని ఎంత మాట అనేశారని. టైలరుగారి చెవిలో పడింది వేరే మాట. చక్రాలు మంచివేనట. బంగారం లాంటివట. దాంతో ఆయనకు కూడా కోపం వచ్చేసింది. ఎంత హాయిగా వచ్చిందో ఆ కోపం.

"నువ్వు చేసిందేమిటి మరి? నావి పెద్దవని తెలిసి బ్రహ్మాండమన్నావు. పని చేసే చోట ఆ మాటేమిటి? తప్పుంటే తిట్టాలి. కుర్చీ ఎక్కించి నోరు తెరిపించి కూర్చోబెట్టడానికి నాకేమన్నా పన్ను నొప్పా?"

"ఆ కుర్చీ ఖరీదెంతో తెలుసా నీకు?"

"ఎంతైతే నాకేం? దాన్ని తీసి బయట పారెయ్యి, అక్కడ ఇంకో బల్ల పడుతుంది."

"పారేస్తాలే. రేపు నువ్వే వచ్చి మొయ్యి."

ఇంజనును ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు పట్టుకుని పట్టాల మీంచి దింపారు. దింపుతూ తిట్టుకున్నారు, బండి మీద పెడుతూ తిట్టుకున్నారు. కాస్త దూరంగా వెళ్ళి పోట్లాడుకోమని సెక్రటరీ బతిమాలితే, మధ్యలో నీకేమిటని ఇద్దరూ కలిసి ఆయన్ని కూడా ఒక మాట అన్నారు.

టైలరుగారు ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలోనే ఎదురైంది. చొక్కా నిండా బూడిద, చేతులకు మసి, మొహం చూస్తే వెలిగిపోతోంది.

"ఏమైంది? ఇంజను నడిచిందా?"

"ఎక్కడ నడిచింది, మలుపు దగ్గర చచ్చింది. చక్రాలన్నీ పారేసి మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి."

"అయ్యో. మరి అన్నయ్యగారేమన్నారు?"

"వెధవా అన్నాడు" అన్నారు టైలరుగారు, చెప్పులు విప్పుకుంటూ. "నలుగురిలో, మొహం మీదే అన్నాడు."

ఆవిడ నిలబడ్డ చోటే నిలబడిపోయింది. వియ్యంకుడు అంత మాటన్నాక ఇంకేం మిగిలింది, కొడుక్కి ఎలా చెప్పాలి, కోడలి మొహం ఎలా చూడాలి అని ఆవిడ మనసు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. మెల్లిగా, "మరి ఇప్పుడేం చేద్దామండీ" అంది.

"పొద్దున్నే లేపు" అన్నారు టైలరుగారు. "ఆలస్యంగా వస్తే కాళ్ళు విరగ్గొడతానన్నాడు."